దిగులు జబ్బుకు వరిబువ్వ

పోయిన నెల మా ఇంటికి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. కొత్తగా పల్లెటూరి ఆసుపత్రిలో చేరిందంట. కాఫీ తాగుతా తాగుతా, "అమ్మా, మీ కాలంలో పల్లెల్లో డిప్రెషన్ ఉండేదా?" అని అడిగింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఉండేదా ఏంది తల్లీ! మా జిల్లాలో వానకు కరువుండె గానీ దిగులుకు ఏం కరువు?" అన్నాను. పాపం, ముఖం చిన్నది చేసుకుంది. ఆ పిల్ల పోయినాక నాకే బాధేసింది. సరిగా జవాబు చెప్పి ఉండల్ల కదా అనిపించింది. ఆ జవాబే ఇది. నేను డాక్టరుగా ఏ ఊర్లో ఎన్నేండ్లు చేసినాను, ఎప్పుడు ఏ హోదా ఇచ్చినారు అనేవి ఇందులో ఉండవు. అవి పెన్షన్ ఆఫీసువాళ్లకు తప్ప ఎవరికీ పనికిరావు.

అందరికీ ఒళ్లే

పందొమ్మిదివందల యాభైల చివర్లో నన్ను కళ్యాణదుర్గం తాలూకాలో, కంబదూరు పోయే దారిలో ఉన్న ఒక ఊరికి వేసినారు. ఊరి పేరు రాయను. అప్పటోళ్ల మనమలూ మనమరాండ్లూ ఇంకా ఆడనే ఉండారు. రాతి కట్టడం, బండలు పరిచిన వసారా, ముందర ఒక వేపచెట్టు. అంతే ఆసుపత్రి. పొద్దున్నే కాంపౌండరు ఖాదర్ సాబు పెద్ద జాడీల్లో మిక్చర్లు కలుపుతుంటే ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. రోగులు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవల్ల. ఆముదం సీసా, సారాయి సీసా, ఏది దొరికితే అది. ఖాదర్ సాబు మూత తీసి వాసన చూసి, "ఏమప్పా, దీంట్లో మందు పోస్తే నీకు రోగం పోదు, మత్తు వస్తాది" అని ఎగతాళి చేసి కడుక్కు రమ్మని పంపేవాడు. సీసాకు కాగితం పట్టీ అంటించి, ఒక్కో పూటకు ఎంత తాగల్లో కత్తెరతో గాట్లు పెట్టేవాడు. ఆ వాసన ఇప్పుడు యాడన్నా తగిలితే నా కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

ఆ ఆసుపత్రికి మనసు బాగలేదని చెప్పుకుంటా వచ్చినోళ్లు ఒక్కరు కూడా లేరు. అందరికీ ఒళ్లే. తల బరువు. గుండెల్లో మంట. అరికాళ్లల్లో సెగలు. అన్నం సయించదు. ఒళ్లంతా తేళ్లు పాకినట్లుంటాది. గొర్రెలు మేపే ఒకాయన ఒకసారి వచ్చి, "అమ్మా, నా నెత్తిలో ఎవరో బండ పెట్టినారు, దించు" అన్నాడు. నేను కొత్తలో నాడి చూసి, నాలుక చూసి, ఒక బలం సూది వేసి పంపేదాన్ని. వాళ్లు సంతోషంగా పోయేవాళ్లు. పక్కవారం మళ్లీ అదే బండతో వచ్చేవాళ్లు.

కొన్నాళ్లకు నాకు అర్థమైంది. "నీకు బాధగా ఉండాదా?" అని అడిగితే ఆ సీమలో ఎవరూ ఔననరు. బాధ అనేది ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు పడేది, మిగతా దినాల్లో పడితే సిగ్గు. అందుకని వేరే మాదిరి అడగడం నేర్చుకున్నాను. "ఏ పని మానేసినావు?" అని అడిగేదాన్ని. ఇది అడిగితే నిజం వస్తాది. సంతకు పోవడం మానేసినా. తలదువ్వుకోవడం మానేసినా. మేకలు తప్పిపోయినా లేచి వెతకలేదు. తొలికోడి కూయకముందే మెలకువొచ్చి, కప్పు చూస్తా పండుకుంటా. ఇవన్నీ వినపడితే, నెత్తిలో బండ ఏమి రాయో తెలిసిపోయేది.

ఇంకొక ప్రశ్న ఉండాది. దాన్ని అడగడానికి డాక్టర్లే భయపడతారు. "చచ్చిపోవాలనిపిస్తాందా?" అనేది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని వాళ్ల భయం. శుద్ధ అబద్ధం. అడిగినందుకు చెడిపోయినోళ్లను నేను చూడలేదు. అమ్మయ్య, ఒకరన్నా అడిగినారు అని ఏడ్చినోళ్లను మాత్రం చానామందిని చూసినాను. ఔననే వాళ్లకు నిద్రమాత్రలు గుప్పెడు ఎప్పుడూ ఇయ్యకండి. నేను రెండు పూటలకే ఇచ్చేదాన్ని. మళ్లీ కావల్లంటే మళ్లీ రావల్ల. అంతదూరం నడిచి వచ్చి, నా ముందర కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి పోవల్ల. "ఏమమ్మా, ఇంత పిసినారివి!" అని తిట్టేవాళ్లు. తిట్టనీ. తిట్టడానికన్నా వచ్చినారు కదా.

మా పెద్ద డాక్టరుగారు

ఆయన పేరు వద్దు. ఆసుపత్రికి ఆయనే పెద్ద, నేను ఆయన కింద. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, నెత్తిన దొరల టోపీ. మద్రాసులో చదివినాడు. కోపం ముక్కు మీదనే ఉండేది. నేను చేరిన దినమే, "ఆడ డాక్టరంటే కాన్పులు చూసేదానికే అనుకోవద్దు, అన్నీ చూడాల" అని గద్దించినాడు. ఆ మాటకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉండాను. మిగతా ఊర్లల్లో పెద్దోళ్లు నా మాదిరి వాళ్లను కాన్పుల గది దాటనిచ్చేవాళ్లు కాదు.

దిగులు జబ్బును ఆయన నమ్మేవాడు. అది ఆ కాలంలో చిన్న సంగతి కాదు. దయ్యం అనేవాడు కాదు, నటన అనేవాడు కాదు. "ఇది నరాల అలసట, దీనికి విశ్రాంతి కావల్ల" అనేవాడు. రోగి ఎవరైనా సరే, చీటీ మీద "పూర్తి రెస్టు, మంచి ఆహారం" అని రాసి, దాన్నే ఇంటివాళ్లకు గట్టిగా చదివి చెప్పేవాడు. డాక్టరుగారు చెప్పినారంటే అది శాసనమే. ఆ శాసనం ఒక ఇంట్లో ఏం చేసిందో చెప్పడానికే నేను కలం పట్టింది.

తిప్పక్క

ఎండాకాలం మొదట్లో, ఒక చిన్న పల్లె నుంచి ఒక అత్త తన కోడలిని ఎద్దులబండిలో తీసుకొచ్చింది. అత్త పేరు మారెక్క. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం పదూర్లకు వినపడేది. కోడలు తిప్పక్క. ముప్పయ్యేండ్లు ఉంటాయో లేదో. నడిచే ఈడు ఆడపిల్ల చంకలో ఉండాది, ఆ పిల్ల ఏడుస్తాంటే తల్లి ఎవరి బిడ్డో అన్నట్లు చూస్తాండాది.

"అన్నం తినదు, నిద్రపోదు, నోరు తెరవదు. గాలి సోకిందని అంత్రం కట్టించినాం, కోడిని కోసినాం. ఏమీ కాలేదు" అని మారెక్క చెప్పింది. రెండేండ్లుగా వాన సరిగా లేదు, ఇంట్లో కష్టాలున్నాయి. కానీ వాన లేనిది ఊరందరికీ. దిగులు జబ్బుకు కారణం వెతుక్కుంటా కూర్చోకండి. కొందరికి ఉంటాది, కొందరికి ఉండదు.

పెద్ద డాక్టరుగారు బాగా చూసినాడు. ఓపిగ్గా చూసినాడు. అలవాటు ప్రకారం, "ఈమెను ఏ పనీ చెయ్యనీయొద్దు. పూర్తి రెస్టు. మంచి ఆహారం పెట్టండి. మనసు నొప్పించే మాట అనొద్దు" అని మారెక్కకు రెండుసార్లు చెప్పినాడు. ఖాదర్ సాబు మిక్చరు పోసిచ్చినాడు. మారెక్క చేతులు జోడించి, కోడలిని పట్టుకొని బండెక్కించింది. బండి పోతాంటే, ఇంత శ్రద్ధగల అత్త ఉండాది, ఈమె బాగుపడతాదిలే అనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత తిప్పక్క మొగుడు హనుమంతప్ప ఒక్కడే వచ్చినాడు. పంచె అంచుతో కండ్లు ఒత్తుకుంటా, "అమ్మా, గంజి కూడా మింగడంలేదు. నోట్లో పోస్తే బయటికి తోస్తాండాది. మీరు చెప్పినట్లే చేస్తాండామమ్మా, ఒక్క పని కూడా చెయ్యనీలేదు" అన్నాడు. ఆ దినం పెద్ద డాక్టరుగారు అనంతపురం పోయినాడు. నేను హనుమంతప్ప వెంట బండెక్కినాను.

వంటింట్లో

ఆ దారి ఇప్పటికీ నా కండ్ల ముందర ఉండాది. రెండు పక్కలా దున్ని వదిలేసిన ఎర్రచేండ్లు. గాలికి లేచే దుమ్ము. కుంటలో నీళ్లుండాల్సిన చోట బీటలు. బండి తోలుతా హనుమంతప్ప, "ఇంట్లోవాళ్లమంతా సంగటే తింటాండాం. ఆమెకు మాత్రం వరిబువ్వ వండిపెడతాండాది మాయమ్మ" అన్నాడు గర్వంగా. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇంటికి పోతే ముందర పంచలో చుట్టాలు కూర్చున్నారు. ఒకామె బ్రెడ్డు పొట్లం ఒళ్లో పెట్టుకుని ఉండాది. నన్ను చూసి లేచి నిలబడినారు. మగ డాక్టరైతే అక్కడనే మంచం వేసి కూర్చోబెట్టి, రోగిని బయటికి నడిపించుకొచ్చి చూపించేవాళ్లు. నేను ఆడదాన్ని కాబట్టి నేరుగా లోపలికి పోయినాను. తిప్పక్క వంటింటి మూల గోడకు ఆనుకొని కూర్చుని ఉండాది. కొత్త రైక తొడిగినారు. ముందర కంచుగిన్నెలో తెల్లటి వరిబువ్వ, పైన నెయ్యి. ఆమె పిండి విసిరే తిరగలి రాయిని అవతలి మూలకు జరిపి, దానిమీద గోనెపట్ట కప్పినారు. కడవలన్నీ పక్కింటికి చేరినాయి. ఆమె బిడ్డను ఆడబిడ్డ ఎత్తుకొని పోయింది.

నేను నేలమీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉండాది. "తిప్పక్కా, చచ్చిపోవాలనిపిస్తాందా?" అని అడిగినాను.

మారెక్క నా వెనకాలే నిలబడి ఉండాది. "ఏంది తల్లీ ఆ మాట! దీపం పెట్టే ఇంట్లో!" అని అరిచింది.

తిప్పక్క నన్ను చూసింది. ఎన్నాళ్ల తర్వాతో నోరు తెరిచింది. "అనిపించేదేముండాదమ్మా? పోతానే ఉండా కదా."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పల్ల? పండగ లేదు, పబ్బం లేదు, వరిబువ్వ పెడతాండారు. మా మామ పోయేముందు ఇట్లే పెట్టినారు. రాయి ముట్టనీరు, కడవ ఎత్తనీరు. విడపనకల్లు నుంచి మా చెల్లెలు వచ్చి, నా కాళ్లు పట్టుకొని ఏడ్చిపోయింది. మా అత్త కాపురానికొచ్చినప్పటినుంచి ఒక్కదినం కూడా తిట్టకుండా ఉన్నది లేదు. ఇప్పుడు అమ్మా, తల్లీ అంటాండాది." కంచుగిన్నెను నా దిక్కు జరిపింది. "పెద్ద డాక్టరు వీళ్లకు చెప్పేసినాడు. నాకు తెలుసు. పోయేదానికి బువ్వ ఎందుకమ్మా దండగ? ఉండేవాళ్లు తినల్ల."

ఆ పల్లెల్లో పని లేకుండా కూర్చోబెట్టేది ఇద్దరినే, కొత్త అల్లుణ్ణి, చావబోయే మనిషిని. వరిబువ్వ పెట్టేదీ వాళ్లకే. మద్రాసులో చదివిన మాకు రెస్టు అంటే పడక కుర్చీ, తిప్పక్కకు మాత్రం అది చావు కబురు. మొదటే దిగులుతో కుంగిపోయిన మనిషికి ఇంటిల్లిపాదీ కలిసి, ప్రేమగా, ఒక్క పూట తప్పకుండా ఆ కబురు చెప్తాండారు. ఆమె నమ్మక ఏం చేస్తాది?

మారెక్క అట్లే నేలమీద కూలబడింది. "అయ్యో నా కర్మమా! డాక్టరు తిట్టొద్దన్నాడే! అందుకు కదనే నోరు కుట్టుకొని ఉండా!" అని నెత్తి కొట్టుకొని ఏడ్చింది. కోడలు ఆమెను వింతగా చూస్తాండాది. నేను మారెక్క భుజం పట్టుకొని, "ఏడ్చింది చాలు. ముందు ఆ చుట్టాలను పంపేయ్. ఆ బువ్వ నువ్వు తిను. ఈమెకు రాత్రికి సంగటి పెట్టు, ఇంట్లో అందరూ తినేదే పెట్టు. నిజం నీ నోటితోనే చెప్పు" అన్నాను.

మారెక్క కోడలి ముందరికి జరిగింది. తిట్టబోయి ఆగింది. చివరికి, "నువ్వు చావవే. డాక్టరు అట్లాంటి మాట అననే లేదు. మన దేవరమీద ఒట్టు. నువ్వు పోతే నీ బిడ్డను ఎవరు సాకల్ల? నాకు చేతనవుతాదా ఈ వయసులో?" అంది. ఆ రాత్రి తిప్పక్క సంగటి ముద్దలో ఒక పక్క గిల్లి తిన్నదని మర్నాడు హనుమంతప్ప వచ్చి చెప్పినాడు. తింటా తింటా ఇంట్లో అందరినీ ఏడిపించింది అన్నాడు.

పెద్దాయన కోపం

పెద్ద డాక్టరుగారి దగ్గర ఆ రెస్టు సంగతి కదిపినాను. అనుకున్నట్లే ఎగిరిపడినాడు. "నా వైద్యంలో తప్పులు వెతుకుతాండావా?" అని బల్ల గుద్దినాడు. ఖాదర్ సాబు కిటికీ దగ్గర్నుంచి మాయమైనాడు. నేను కదలకుండా నిలబడి, తిప్పక్క అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు చెప్పినాను. వరిబువ్వ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టినాడు. "ఎంతమందికి రాసిచ్చినాను ఈ రెస్టు..." అని మాత్రం అన్నాడు. ఆ దినం ఆయన అన్నానికి కూడా పోలేదు.

తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు ఆయనమీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. సాయంత్రమే తనంతట తాను బండి కట్టించుకొని ఆ పల్లెకు పోయి, పంచలో నిలబడి ఊరందరికీ వినపడేట్లు, "తిప్పక్క చావదు. నేను చెప్తాండా. ఎవరూ పరామర్శకు రావద్దు" అని అరిచి వచ్చినాడు. బెంగళూరులో ఉన్న ఒక స్నేహితుడికి రాసి, అప్పుడప్పుడే మన దేశానికి వస్తాండే దిగులుమాత్రలు తెప్పించినాడు. అవి ఆ కాలంలో మా చుట్టుపక్కల ఎవరూ చూసినవి కావు.

ఆ మాత్రల సంగతి చెప్తా. రెండు మూడు వారాల దాకా పనిచెయ్యవు. నోరు మాత్రం మొదటి దినమే ఎండబెడతాయి. తాగే నీళ్లకు మైలు దూరం పొయ్యే ఊర్లో నోరెండే మందు! మారెక్క నాతో కొట్లాటకే వచ్చింది. "జబ్బు తగ్గించమంటే దప్పి ఎక్కువ చేసినావు, ఏం మందమ్మా ఇది? ఒక సూది వెయ్యరాదా?" నేను ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేసినాను, ఇంకొక వారం ఆగమని. చిన్న డాక్టర్లూ, మీరు మందు ఇచ్చేటప్పుడే ఇది చెప్పండి. చెప్పకపోతే సరిగ్గా మందు పనిచేసే ముందర మానేస్తారు.

ఆ వారాల్లో తిప్పక్కకు పని కూడా ఇచ్చినాం, కొంచెం కొంచెంగా. విత్తనానికి పెట్టిన శనగకాయలు ఒలిచే కాలం అది. మొదట్లో గుప్పెడు ముందర పెడితే, ఒకటి ఒలిచి చేతిలో పెట్టుకొని కూర్చునేది. తొందరపెట్టొద్దని మారెక్కకు చెప్పినాను. "పనిచేస్తే దిగులు అదే పోతాది" అనే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోదు. కాలు విరిగినోడిని పరుగెత్తమంటే ఎట్లుంటాదో అట్లుంటాది ఆ మాట. మందు మందే. పని ఇచ్చింది దేనికంటే, ఈ ఇంట్లో నీకు ఇంకా చోటుండాది అని చెప్పడానికి. ఆ చోటు తీసేస్తే ఏ మాత్రా నిలబెట్టలేదు.

ఆ తర్వాత పెద్ద డాక్టరుగారు రెస్టు అని ఒట్టిగా రాయడం నేను చూడలేదు. "నీ ఇంట్లో నువ్వేమేం చేస్తావు?" అని అడిగి, ఇది మానెయ్, ఇది మాత్రం మానొద్దు అని విడివిడిగా చెప్పేవాడు.

సాలు మధ్యలో

వానలు ఆ ఏడు కొంచెం ఆలస్యంగానైనా పడినాయి. విత్తనాలు వేసినారు. తిప్పక్క మందుకు రావడం క్రమంగా తగ్గించింది. హనుమంతప్ప వచ్చి తీసుకుపొయ్యేవాడు, బాగుండాదమ్మా అనేవాడు. తర్వాత అతను కూడా రాలేదు. నాకు భయం పట్టుకుంది. ఈ జబ్బులో రోగి కనపడకపోతే రెండు అర్థాలు. అందులో ఒకటి తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

ఒకదినం పెద్ద డాక్టరుగారూ నేనూ సర్కారు జీపులో ఆ దారిన వస్తాంటే, వాళ్ల ఊరి పొలిమేరలో శనగకాయల చేను పచ్చగా కనిపించింది. ఆడోళ్లు తలా ఒక సాలు పట్టుకొని వరసగా వంగి కలుపు తీస్తాండారు. పడమటి దిక్కు నల్లగా మూసుకొని వస్తాండాది, గాలికి తడిమట్టి వాసన. నేను జీపు ఆపించి, దిగి గట్టు మీదికి పోయినాను. ఆ వరసలో ఉండాది తిప్పక్క. కొంగు నడుముకు చుట్టింది. పక్కామెతో ఏదో గొడవ పెట్టుకొని, మాటకు మాట అంటా, చెయ్యి మాత్రం ఆపకుండా కలుపు లాగుతాండాది.

"తిప్పక్కా! ఇట్లా రా ఒకసారి, చూసి పోతాను!" అని కేకేసినాను.

ఆమె తలెత్తింది. గుర్తుపట్టింది. నవ్వింది కూడా. కానీ లేవలేదు.

"యాడికొచ్చేదమ్మా ఇప్పుడు? వానొచ్చేలోపల ఈ సాలు ముగించల్ల! నువ్వు పో, తడుస్తావు!" అని అరిచి మళ్లీ వంగింది.

నేను గట్టుమీద అట్లే నిలబడిపోయినాను. చినుకులు మొదలైనాయి. జీపులో నుంచి పెద్ద డాక్టరుగారు, "ఏమమ్మా, ఏమంటాంది?" అని అడిగినాడు. పోయి పక్కన కూర్చున్నాక చెప్పినాను.

"మనకోసం తీరిక లేదంట సార్."

ఆయన టోపీ కండ్లమీదికి లాక్కున్నాడు. "పోనీలే, పోనీలే" అన్నాడు. డ్రైవరు బండి తీసినాడు. ఊరు దాటేదాకా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.